కొత్త మదర్‌బోర్డులో మూడు డ్రైవ్‌లు పెడితే ఒక్కటే కనబడుతోంది

ఓరుగల్లు_ఫొటో
హన్మకొండలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళిళ్ళ పని కాస్త తగ్గిన సమయం చూసుకొని, మొన్న ఆదివారం స్టూడియో కంప్యూటర్‌కు కొత్త బీ560 మదర్‌బోర్డు బిగించాను. ప్రాసెసర్ ఐ5-10400. మా బావమరిది తన కంప్యూటర్ మార్చుకుంటూ దీన్ని నాకు ఇచ్చాడు. పెట్టవలసిన డ్రైవ్‌లు మూడు ఉన్నాయి: కొత్తగా కొన్న 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే కొత్త తరహా) ఎస్ఎస్‌డీ, పాత ల్యాప్‌టాప్ నుండి తీసిన 256 జీబీ ఎం.2 (బోర్డు మీది స్లాట్‌లో నేరుగా గుచ్చే సన్నని కార్డు) ఎస్ఎస్‌డీ, పాత కంప్యూటర్‌లో నిన్నమొన్నటి వరకు పనిచేసిన 1 టీబీ హార్డ్ డిస్క్. కంప్యూటర్ ఆన్ అవుతోంది, బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే, బోర్డు సొంత అమరికల) తెర వస్తోంది, కానీ అందులో ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ ఒక్కటే కనబడుతోంది. కొత్త ఎస్ఎస్‌డీ పేరు లేదు, హార్డ్ డిస్క్ పేరూ లేదు.

హార్డ్ డిస్క్ మీద చెయ్యి పెడితే తిరుగుతున్నట్టు సన్నని కదలిక తెలుస్తోంది, కాబట్టి దానికి కరెంటు అందుతున్నదనే అనుకుంటున్నాను. డేటా కేబుల్ మార్చి చూశాను, ఫలితం లేదు. 2014 నుండి ప్రతి మేడారం జాతరకూ వెళ్ళి తీసిన ఫొటోలు, ఎందరో నమ్మి అప్పగించిన పెళ్ళిళ్ళ అసలు ఫైళ్ళు ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు. మదర్‌బోర్డు అమ్మిన దుకాణం వారు ఏడు రోజుల లోపల తెస్తే మార్చి ఇస్తామన్నారు. తిరిగి ఇచ్చేయమంటారా, లేక నేనే ఎక్కడైనా పొరపాటు చేశానా?

కాజీపేట_జంక్షన్
ఇప్పుడే తిరిగి ఇవ్వకండి. మూడు విషయాలు చెప్పండి. ఏ ఎస్ఎస్‌డీని ఏ ఎం.2 స్లాట్‌లో పెట్టారు? హార్డ్ డిస్క్ కేబుల్‌ను ఎన్నో నంబరు సాటా (డ్రైవ్‌లను బోర్డుకు కలిపే పాత పద్ధతి) పోర్టుకు పెట్టారు? ల్యాప్‌టాప్ నుండి తీసిన ఎస్ఎస్‌డీ సాటా తరహాదా, ఎన్‌వీఎంఈ తరహాదా? పోర్టుల నంబర్లు బోర్డు మీదనే తెల్లని చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటాయి. టార్చి వేసి చూస్తే కనబడతాయి.

సుబేదారి_సిస్టమ్స్
ఒకేసారి రెండు డ్రైవ్‌లు కనబడకపోవడం బోర్డు లోపమే అయి ఉంటుందని నా అనుమానం. అయినా ముందు బయాస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, బోర్డు మీది గుండ్రని బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి మళ్ళీ పెట్టి చూడండి. అప్పటికీ కనబడకపోతే గడువు దాటకముందే దుకాణానికి తీసుకువెళ్ళండి.

మంచిర్యాల_మిత్ర
ఇంకేదైనా చేసే ముందు ఒక్క విషయానికి జవాబు చెప్పండి. బోర్డుతో పాటు పవర్ సప్లయ్ కూడా మార్చారా? మార్చి ఉంటే, హార్డ్ డిస్క్‌కు పెట్టిన పవర్ కేబుల్ ఆ కొత్త డబ్బాలో వచ్చినదేనా?

ఎందుకు అడుగుతున్నానంటే, మూడేళ్ళ క్రితం నేను విడదీసే కేబుళ్ళున్న పవర్ సప్లయ్ ఒకటి కొన్నాను. పాత కేబుళ్ళు అప్పటికే కేబినెట్‌లో చక్కగా సర్ది ఉన్నాయి కదా అని వాటినే కొత్త సప్లయ్‌కు తగిలించాను. సాకెట్‌లో సరిగ్గా ఇమిడాయి. ఆన్ చేసిన క్షణంలో కాలిన వాసన వచ్చింది, రెండు హార్డ్ డిస్క్‌లు పోయాయి. డ్రైవ్ వైపు ఉండే 15 పిన్నుల సాటా కనెక్టర్ అన్నిటికీ ఒకటే, కానీ సప్లయ్ వైపు ఏ పిన్నులో 5 వోల్టులు, ఏ పిన్నులో 12 వోల్టులు వస్తాయన్నదానికి అందరూ పాటించే ప్రమాణం లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ళ మధ్య కూడా తేడా ఉండవచ్చు. మా అమ్మాయి చిన్ననాటి వీడియోలు ఆ డిస్క్‌లలోనే పోయాయి. మీ ఫొటోలకు అలా జరగకూడదు.

ఓరుగల్లు_ఫొటో
మంచిర్యాల_మిత్ర గారూ, పవర్ సప్లయ్ మార్చలేదు. అది పాతదే, దాని కేబుళ్ళు విడదీసేవి కావు. మీ డిస్క్‌ల సంగతి చదివి మనసు కలుక్కుమన్నది.

కాజీపేట_జంక్షన్ గారూ, టార్చి వేసి చూసి రాస్తున్నాను. కొత్త ఎన్‌వీఎంఈ ప్రాసెసర్‌కు దగ్గరగా, హీట్‌సింక్ కింద ఉన్న మొదటి స్లాట్‌లో ఉన్నది. ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ కింది వైపున్న రెండవ స్లాట్‌లో ఉన్నది. హార్డ్ డిస్క్ రెండవ నంబరు సాటా పోర్టుకు ఉన్నది. ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ ఏ తరహాదో నాకు తెలియదు, దాని అంచు మీద రెండు గాట్లు ఉన్నాయి. కొత్తదానికి ఒకటే గాటు ఉన్నది.

గోదావరిఖని_03
ఇది వీఎండీ (డ్రైవ్‌లను నిర్వహించే ఇంటెల్ అమరిక) సమస్య. మా తమ్ముడి కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కిస్తుంటే ఇలాగే ఒక్క డ్రైవ్ కూడా కనబడలేదు. బయాస్‌లో వీఎండీ అనే అమరికను ఆపగానే కనబడింది. మీరూ అదే చేయండి.

వడ్డేపల్లి_వాసి
గోదావరిఖని_03 గారు చెప్పినది నిజంగా జరిగే సమస్యే, కాని ఇక్కడ వర్తించదు. వీఎండీ ఇబ్బంది ఇంటెల్ 11వ తరం నుండి వచ్చిన యంత్రాలలో ఎదురవుతుంది. అక్కడ కూడా డ్రైవ్ సాధారణంగా బయాస్‌కు కనబడుతూనే ఉంటుంది, విండోస్ ఎక్కించే తెరలో మాత్రమే కనబడదు. దానికి వీఎండీని ఆపడమో, పెన్‌డ్రైవ్‌లో ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెట్టుకొని లోడ్ డ్రైవర్ నొక్కి చూపించడమో చేస్తారు. ఓరుగల్లు_ఫొటో గారిది 10వ తరం ప్రాసెసర్, పైగా డ్రైవ్‌లు బయాస్‌లోనే లేవు.

నాకు తోచినంతవరకు మీ బోర్డులో ఏ లోపమూ లేదు. ఇక్కడ రెండు వేర్వేరు కారణాలు ఒకే రోజున కలిసి వచ్చాయి.

మొదట ఎన్‌వీఎంఈ సంగతి. ప్రాసెసర్ నుండి బయటికి వచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులను లేన్లు అంటారు. 10వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ నుండి 16 లేన్లు వస్తాయి, అవన్నీ గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌కే పోతాయి. 11వ తరంలో వాటిని 20 చేశారు, పెరిగిన నాలుగూ ఎస్ఎస్‌డీ కోసమే. 2021లో వచ్చిన బీ560 బోర్డులలో చాలావాటికి మొదటి ఎం.2 స్లాట్ ఆ నాలుగు లేన్ల మీదనే ఆధారపడి ఉంటుంది. రెండు తరాలకూ సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ 1200. అందుకే మీ ఐ5-10400 అందులో చక్కగా కూర్చుంది, కంప్యూటర్ కూడా నడుస్తోంది, కాని ఆ మొదటి స్లాట్‌కు ప్రాసెసర్ వైపు నుండి రావలసిన దారే లేదు. కాలువ తవ్వి ఉన్నా పైనుండి తూము లేకపోతే పొలానికి నీరు రానట్లే, ఆ స్లాట్‌లో ఎంత మంచి ఎస్ఎస్‌డీ పెట్టినా కనబడదు.

ఇక హార్డ్ డిస్క్. మీ ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీకి రెండు గాట్లున్నాయంటే అది చాలావరకు సాటా తరహాదే. చాలా బోర్డులలో సాటా తరహా ఎం.2 కార్డు పెట్టినప్పుడు, అది ఒక సాటా పోర్టు దారిని తనకు తీసుకొంటుంది, ఆ పోర్టు మూగబోతుంది. మీ బోర్డులో అది రెండవ పోర్టే అయి ఉంటుందని నా ఊహ. మాన్యువల్‌లో స్టోరేజ్ అనే చోట చిన్న పట్టిక ఉంటుంది, ఒకసారి చూడండి.

సుబేదారి_సిస్టమ్స్
వడ్డేపల్లి_వాసి గారితో నేను ఏకీభవించలేను. ఇదే ఐ5-10400 వేసి, మొదటి స్లాట్‌లోనే ఎన్‌వీఎంఈ పెట్టి, నా చేతులతో కనీసం పది కంప్యూటర్లు బిగించాను. ఒక్కదానిలోనూ ఈ ఇబ్బంది రాలేదు.

వడ్డేపల్లి_వాసి
మీరు బిగించినవి బీ460 బోర్డులా, బీ560 బోర్డులా? బీ460లో ఎం.2 స్లాట్లు ప్రాసెసర్ నుండి కాక చిప్‌సెట్ (బోర్డు మీదనే ఉండే సహాయక చిప్) నుండి వస్తాయి, కాబట్టి 10వ తరంతో హాయిగా పనిచేస్తాయి. అసలు ఆ బోర్డు వచ్చిందే ఆ తరం కోసం.

సుబేదారి_సిస్టమ్స్
నా పాత బిల్లులు తీసి చూశాను. అన్నీ బీ460 బోర్డులే. మీరు చెప్పినదే సరైనది, బయాస్ మార్చినంత మాత్రాన లేని లేన్లు పుట్టవు. ఓరుగల్లు_ఫొటో గారూ, బోర్డు తిరిగి ఇవ్వమన్న నా మాటను వెనక్కి తీసుకొంటున్నాను.

జనగామ_మాస్టారు
గాట్ల గురించి ఒక సవరణ. రెండు గాట్లుంటే సాటా అనే గుర్తు చాలాసార్లు సరిపోతుంది కాని ఎల్లప్పుడూ కాదు. రెండు లేన్లతో నడిచే కొన్ని ఎన్‌వీఎంఈ కార్డులకు కూడా రెండు గాట్లు ఉంటాయి. కార్డు మీద అతికించిన స్టిక్కర్‌ను చదవడమే నమ్మకమైన పద్ధతి.

మా బడి కంప్యూటర్ గదిలో పది పాత కంప్యూటర్లకు నేను, పిల్లలు కలిసి ఎస్ఎస్‌డీలు వేసినప్పుడు మూడు కనబడలేదు. రెండింటిలో సాటా కేబుల్ చివరన ఉండే ఇనుప నొక్కు విరిగిపోయి, కనెక్టర్ వెంట్రుకవాసి బయటికి జరిగి ఉన్నది. చూడడానికి పెట్టినట్లే ఉంటుంది, వేలితో నొక్కితే తప్ప తెలియదు. ఆ సంగతి కనిపెట్టింది తొమ్మిదో తరగతి అమ్మాయి. మూడవ దానిలో తప్పు నాదే, డేటా కేబుల్ పెట్టి పవర్ కేబుల్ మరిచిపోయాను.

ఓరుగల్లు_ఫొటో
స్టిక్కర్ చదివాను, సాటా అనే రాసి ఉన్నది. మాన్యువల్ డబ్బా అడుగున దొరికింది. వడ్డేపల్లి_వాసి గారు చెప్పిన పట్టిక నిజంగానే ఉన్నది, గోరంత అక్షరాలలో ఉన్నది. మొదటి ఎం.2 స్లాట్ 11వ తరం ప్రాసెసర్‌తో మాత్రమే పనిచేస్తుందని, రెండవ స్లాట్‌లో సాటా ఎస్ఎస్‌డీ పెడితే రెండవ సాటా పోర్టు ఆగిపోతుందని స్పష్టంగా రాశారు. ఇంతటి మాటను అంత చిన్న అక్షరాలలో ఎందుకు రాశారో అని బాధ కలిగింది.

ఇప్పుడు ఒక్క పనే చేశాను. కరెంటు తీసి, హార్డ్ డిస్క్ కేబుల్‌ను రెండవ పోర్టు నుండి నాలుగవ పోర్టుకు మార్చాను. బయాస్‌లో దాని పేరు కనబడింది. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

మంచిర్యాల_మిత్ర
ప్రాణం లేచి వచ్చింది. ఇక తొందర పడకండి.

కాజీపేట_జంక్షన్
తరువాతి అడుగు ఇది: ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీని తీసేసి, ఆ రెండవ స్లాట్‌లో కొత్త ఎన్‌వీఎంఈని పెట్టాలి. కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కూడా తీసేయండి. యూపీఎస్ ఉంటే దాని నుండి కూడా వైరు తీసేయండి. పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకొంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పొడిగాలి రోజులలో చేతి మీద చేరే స్థిర విద్యుత్తు కూడా చిప్‌లకు మంచిది కాదు, కాబట్టి కార్డు తాకే ముందు కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి.

ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ మర తీయగానే కార్డు చివర పైకి లేస్తుంది. అది దాని స్వభావమే, భయపడనవసరం లేదు. ఆ వాలులోనే మెల్లగా బయటికి లాగాలి. కొత్త ఎన్‌వీఎంఈని కూడా అలాగే ఏటవాలుగా, గాటు చూసుకొని, బంగారు రంగు పళ్ళు దాదాపు కనబడనంతవరకు లోపలికి తోసి, అప్పుడు చివరను కిందికి వంచి మర బిగించాలి. మర మరీ గట్టిగా తిప్పవద్దు. కార్డు 2280 అయితే, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్నదైతే, కింది ఆధారపు దిమ్మె కూడా 80 గుర్తు దగ్గరే ఉన్నదో లేదో చూసుకోండి.

నర్సంపేట_రైతుబిడ్డ
మొదటి స్లాట్ హీట్‌సింక్ విప్పినప్పుడు దాని అడుగున ఉన్న మెత్తని ప్యాడ్ చూడండి. నేను దాని మీది పల్చని ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించాను. మే నెల ఎండలకు ఎస్ఎస్‌డీ వేడెక్కి వేగం తగ్గిపోతుంటే కారణం తెలియక ఆరు నెలలు అవస్థ పడ్డాను.

పరకాల_పంతులు
ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీని ఎందుకు తీసేయడం? ఎన్‌వీఎంఈ కోసం పీసీఐ ఎక్స్‌ప్రెస్ అడాప్టర్ కార్డు దొరుకుతుంది, వెల కూడా తక్కువే. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే పెద్ద స్లాట్ ఖాళీయే కదా, దానిలో పెడితే మూడు డ్రైవ్‌లూ ఉంటాయి.

వడ్డేపల్లి_వాసి
మీ సూచన సాంకేతికంగా సరైనదే. ఆ పెద్ద స్లాట్‌కు 10వ తరంలోనూ ప్రాసెసర్ లేన్లు ఉన్నాయి. కాని రేపు ఫొటోల పని కోసం గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకొంటే ఆ స్లాట్ మళ్ళీ ఖాళీ చేయాలి. చిప్‌సెట్ నుండి వచ్చే రెండవ స్లాట్‌లో కూడా నాలుగు లేన్లు ఉంటే ఎన్‌వీఎంఈ సెకనుకు 3,000 ఎంబీ దాటి చదవగలదు. సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. ఫొటోల మీద పనిచేసే వేగం కావాలంటే ఆ స్లాట్‌ను ఎన్‌వీఎంఈకి ఇవ్వడమే న్యాయం. 256 జీబీ కార్డును యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకోవచ్చు.

పరకాల_పంతులు
ఒప్పుకొంటున్నాను. అయితే విండోస్ ఎక్కించేటప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ తీసి పక్కన పెట్టమని చేతులు జోడించి చెబుతున్నాను. రెండు డిస్క్‌లు ఉన్నప్పుడు విండోస్ ఒక్కొక్కసారి బూట్ భాగాన్ని రెండవ డిస్క్‌లో రాస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అర్ధరాత్రి నిద్రమత్తులో ఏ డిస్క్‌ను చెరిపేస్తున్నామో తెలియక పోవచ్చు.

నా విషయంలో ఇంకోలా జరిగింది. పాత డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌కు తగిలించాను, విండోస్ దానిని ఇనిషియలైజ్ చేయాలా (అంటే కొత్త డిస్క్‌లా మొదటి నుండి సిద్ధం చేయాలా) అని అడిగింది. కొత్త డిస్క్‌కు అడిగే మామూలు ప్రశ్నే కదా అని సరే నొక్కాను. విభాగాల పట్టిక మొత్తం చెరిగిపోయింది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళి, డేటా తిరిగి తీసేవారికి ఇచ్చి, మూడు వారాలు ఎదురుచూశాను. చాలావరకు దొరికాయి, కాని ఫోల్డర్ల పేర్లన్నీ పోయాయి. మా నాన్న షష్టిపూర్తి ఫొటోలు ఇప్పటికీ అంకెల పేర్లతోనే ఉన్నాయి. పాత డిస్క్‌కు ఆ ప్రశ్న ఎదురైతే ఎట్టి పరిస్థితులలోనూ సరే అనవద్దు, ఆ కిటికీని మూసేయండి.

గోదావరిఖని_03
పరిమాణం చూసి గుర్తుపట్టడం తేలిక. 500 జీబీ డ్రైవ్ విండోస్‌లో 465 అని, 1 టీబీ డిస్క్ 931 అని కనబడతాయి. కంపెనీలు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కించడం వల్ల వచ్చే తేడా అది, ఏమీ పోలేదు.

ఓరుగల్లు_ఫొటో
సాయంత్రం పని మొదలుపెట్టగానే కరెంటు పోయింది, గంట తరువాత వచ్చింది. ల్యాప్‌టాప్ కార్డును తీసి, ఎన్‌వీఎంఈని రెండవ స్లాట్‌కు మార్చాను. నర్సంపేట_రైతుబిడ్డ గారి మాట గుర్తుకు వచ్చి హీట్‌సింక్ తిప్పి చూస్తే, నేనూ ఆ ప్లాస్టిక్ పొర తీయనేలేదు. బయాస్‌లో ఎన్‌వీఎంఈ పేరు వచ్చింది. హార్డ్ డిస్క్ కేబుల్ తీసేసి విండోస్ ఎక్కించాను, తెర మీద 465 ఒక్కటే ఉన్నది కాబట్టి పొరపాటుకు తావు లేకపోయింది.

ఒక సందేహం. పాత హార్డ్ డిస్క్‌లో కూడా విండోస్ ఉన్నది. మధ్యలో దాని నుండి కంప్యూటర్ తెరవాలని చూస్తే, బయాస్ జాబితాలో డిస్క్ ఉన్నది కాని బూట్ మెనూలో లేదు. ఇది కొత్త సమస్యా?

కాజీపేట_జంక్షన్
సమస్య కాదు. మీ పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభాగాల పట్టిక పద్ధతిలో ఉండి ఉంటుంది. కొత్త బోర్డులు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో తెరుచుకుంటాయి, పాత పద్ధతికి తోడ్పడే సీఎస్ఎం ఆపి ఉంటుంది. అందువల్ల ఆ డిస్క్ కంప్యూటర్‌ను తెరవడానికి పనికిరాదు కాని, ఫైళ్ళు చదవడానికి ఏ అడ్డూ లేదు. ఎంబీఆర్ నుండి జీపీటీ అనే కొత్త పట్టిక పద్ధతికి మార్చే ఉపకరణం విండోస్‌లోనే ఉన్నది, కాని మీకు అది అవసరం లేదు. ఫొటోలున్న డిస్క్ మీద అటువంటి ప్రయోగం చేయవద్దు.

ఓరుగల్లు_ఫొటో
హార్డ్ డిస్క్‌ను నాలుగవ పోర్టుకు తగిలించి తెరిచాను. ఇనిషియలైజ్ ప్రశ్న రాలేదు. కొన్ని ఫోల్డర్లకు అనుమతి లేదని చెప్పింది, కొనసాగించు అని నొక్కితే తెరుచుకున్నాయి. 2014 జాతర ఫోల్డర్ మొదట తెరిచాను. జంపన్న వాగులో స్నానం చేసి తల తుడుచుకుంటున్న ముసలమ్మ ఫొటో, నేను స్టూడియో గోడకు పెట్టుకొన్నదే, తెర మీద నిండుగా వచ్చింది. మా ఇంటావిడ పక్కనే ఉన్నది, ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

మంచిర్యాల_మిత్ర
చాలా సంతోషం. ఇప్పుడు వెంటనే ఇంకో డిస్క్ కొని ఆ ఫోల్డర్లన్నీ దానిలోకి కాపీ చేయండి. పదేళ్ళ జాతరలు పాతబడిన ఒకే ఒక్క డిస్క్ మీద ఉండకూడదు.

జనగామ_మాస్టారు
రెండవ ప్రతిని స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టండి. కాపీ అయిన తరువాత ఫైళ్ళ సంఖ్య, మొత్తం పరిమాణం రెండు వైపులా సరిపోయాయో లేదో చూడండి, అక్కడక్కడ కొన్ని ఫొటోలు తెరిచి చూడండి.

ఓరుగల్లు_ఫొటో
ఈ మధ్యాహ్నమే 2 టీబీ బయటి డిస్క్ కొన్నాను, కాపీ నడుస్తోంది, ఇంకా మూడు గంటలు చూపిస్తోంది. ల్యాప్‌టాప్ నుండి తీసిన 256 జీబీ కార్డుకు యూఎస్‌బీ డబ్బా అడిగితే, దుకాణంలో ఎన్‌వీఎంఈ అని రాసి ఉన్నది ఒకటి చూపించారు. కార్డు అందులో పడుతుందన్నారు. తీసుకోవచ్చా?

వడ్డేపల్లి_వాసి
తీసుకోవద్దు. కార్డు అందులో ఇముడుతుంది కాని కనబడదు. డబ్బా మీద సాటా అని గాని, సాటా, ఎన్‌వీఎంఈ రెండూ అని గాని రాసి ఉన్నదే అడగండి.